జల్‌పల్లి నుండి నగర యాత్ర: టికెట్టు విషయంలో వివేకం

ప్రయాణం అనగానే మన ఇళ్ళలో రెండు రకాల ఆలోచనలు కనిపిస్తాయి. ఉమ్రా, హజ్, పెళ్ళి, చావు, వైద్యం వంటి తప్పనిసరి ప్రయాణాలకు అప్పు చేసి అయినా బయలుదేరుతాము. ఇవి కాక కుటుంబమంతా కలసి రెండు రోజులు నాలుగు ప్రదేశాలు చూసి రావడమన్నది కలవారి వేడుకగా భావించి పక్కన పెట్టేస్తాము. ఫలితంగా చార్మినారుకు పది కిలోమీటర్ల దూరంలో నివసిస్తూ కూడా గోల్కొండ కోట లోపలి భాగం ఎరుగని తల్లులు, సాలార్‌జంగ్ మ్యూజియం గడప తొక్కని ఆడపిల్లలు మా జల్‌పల్లిలో ఎందరో ఉన్నారు. పురుషులు పనిమీద నగరమంతా తిరుగుతారు. స్త్రీలకు మాత్రం నగరమంటే ఆసుపత్రి, బట్టల దుకాణం, బంధువుల ఇల్లు.

కారణం అడిగితే అందరూ చెప్పేది ఒక్కటే: ఖర్చు. ఆరుగురున్న కుటుంబం రెండు ఆటోలు మాట్లాడుకుని రెండు రోజులు తిరిగితే నెల జీతంలో గణనీయమైన భాగం హరించుకుపోతుంది. ఈ మాట వాస్తవమే. అయితే ఆటోలను పక్కన పెట్టి, బస్సు, రైలు, మెట్రో టికెట్లను కాస్త ఆలోచించి ఎంచుకుంటే ఈ యాత్ర సామాన్య కుటుంబానికి కూడా అందుబాటులోనే ఉన్నది. గత చలికాలపు సెలవుల్లో మేము ఇంటిల్లిపాదితో, కర్నూలు నుండి వచ్చిన అక్కయ్య, బావగార్లతో కలసి చేసిన రెండు రోజుల యాత్ర ఆధారంగా ఆ లెక్కలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా ఊరి నుండి దారులు

జల్‌పల్లి రంగారెడ్డి జిల్లాలోని పట్టణం. పాతబస్తీకి దక్షిణాన, చెరువును ఆనుకుని, రాతి గుట్టల మధ్య విస్తరించింది. షాహీన్ నగర్, పహాడీ షరీఫ్ మా ఇరుగుపొరుగు. పహాడీ షరీఫ్ గుట్టపై హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ గారి దర్గా ఉన్నది. నగరంలోకి వెళ్ళాలంటే ముందుగా బార్కస్, చాంద్రాయణగుట్ట చేరుకోవాలి. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బు సిపాయిల 'బ్యారక్స్' ఉన్న చోటు గనుక ఆ ప్రాంతానికి బార్కస్ అన్న పేరు నిలిచిపోయింది. ఉదయం పూట అక్కడ దొరికే వేడి హరీస్, జామకాయల బండ్లు ఆ పేటకు గుర్తులు. చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటితే ఫలక్‌నుమా, ఇంజన్ బౌలి, అలియాబాద్, షా అలీ బండల మీదుగా చార్మినారు దారి సాగుతుంది.

ఇక్కడి నుండి ముందుకు పోవడానికి ప్రజా రవాణాలో మూడు మార్గాలున్నాయి. మొదటిది ఆర్టీసీ బస్సు. రెండవది ఫలక్‌నుమా స్టేషనులో ఎక్కే ఎం.ఎం.టి.ఎస్. రైలు. మూడవది మెట్రో. మెట్రో ఇంకా పాతబస్తీలోకి రాలేదు. ఎం.జి.బి.ఎస్. నుండి ఫలక్‌నుమా వరకు మార్గానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ప్రస్తుతానికి మెట్రో ఎక్కాలంటే మనం ఎం.జి.బి.ఎస్., మలక్‌పేట లేదా దిల్‌సుఖ్‌నగర్ వరకు వెళ్ళవలసిందే.

ఈ మూడింటిలో వయసులో పెద్దది బస్సు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ఆరంభమైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. మా అమ్మగారి బాల్యంలో అఫ్జల్‌గంజ్ మీదుగా రెండంతస్తుల బస్సులు తిరిగేవి. పై అంతస్తులో ముందు వరుస సీటు కోసం పిల్లలు పోటీపడేవారట. ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. మెట్రోను 2017 నవంబరు 28న ప్రారంభించారు.

ముందు మనుషులను లెక్కించండి, తరువాత దూరాన్ని

టికెట్టు ఎంపికలో చాలామంది దూరాన్ని బట్టి ఆలోచిస్తారు. కుటుంబ ప్రయాణంలో మొదటి ప్రశ్న దూరం కాదు. మనలో ఎవరెవరు ఉన్నారు, ఎవరి వయసు ఎంత, ఎవరి గుర్తింపు కార్డు ఏ రాష్ట్రానిది అన్నదే మొదటి ప్రశ్న.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్ర నివాసులైన స్త్రీలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. రాష్ట్ర నివాసాన్ని తెలిపే ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి 'జీరో టికెట్టు' తీసుకోవాలి. మెట్రో డీలక్స్, విమానాశ్రయానికి వెళ్ళే పుష్పక్ బస్సులు ఈ పథకంలో లేవు. కనుక బస్సు ఎక్కే ముందు దాని నుదుటిపై ఉన్న పేరు చదవాలి. 'మెట్రో' అన్న మాట చూసి ఎక్కేస్తే చాలదు, దాని తరువాతి మాట 'ఎక్స్‌ప్రెస్' అవునో కాదో గమనించాలి.

మా బృందంలో ఏడుగురం ఉన్నాము. మేము, మా శ్రీమతి, డెబ్బై దాటిన అమ్మగారు, పదహారేళ్ళ అమ్మాయి, పన్నెండేళ్ళు నిండిన అబ్బాయి, అక్కయ్య, బావగారు. వీరిలో అమ్మగారికి, శ్రీమతికి, అమ్మాయికి జీరో టికెట్టు. అక్కయ్య ఆధార్ ఆంధ్రప్రదేశ్‌ది గనుక ఆమెకు ఇక్కడ టికెట్టు కొనవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే మొదలైంది. అది ఆ రాష్ట్ర స్త్రీలకు ఆ రాష్ట్రంలోనే వర్తిస్తుంది. కర్ణాటకలో 2023 జూన్ 11 నుండి అమలులో ఉన్న శక్తి పథకం కూడా అక్కడి నివాసులకే. బంధువులను పిలిచేటప్పుడు, బంధువుల ఊళ్ళకు వెళ్ళేటప్పుడు ఈ తేడా ముందే తెలిసి ఉంటే బస్సులో వాదులాట ఉండదు. కండక్టరు మర్యాదగా విషయం వివరించినప్పుడు అక్కయ్య నవ్వి, "మా కర్నూలుకు రండి, అక్కడ నాకు ఉచితం, మీ ఆవిడకు టికెట్టు" అన్నది.

అంటే ఏడుగురిలో డబ్బులు చెల్లించేది నలుగురమే. ఇదే ఏడుగురం మెట్రో ఎక్కితే ఏడు టికెట్లూ కొనవలసిందే. 2025 మే నెలలో సవరించిన మెట్రో ఛార్జీలు తగ్గింపు పోను కనిష్ఠంగా 11 రూపాయలు, గరిష్ఠంగా 69 రూపాయలు. గరిష్ఠ దూరం వెళితే ఒక వైపుకే ఏడుగురికి 483 రూపాయలు, రానుపోను 966. ఒంటరిగా ఉద్యోగానికి వెళ్ళే యువకునికి మెట్రో చౌకగా తోచవచ్చు, స్త్రీలు ఎక్కువగా ఉన్న కుటుంబానికి అదే మెట్రో భారం కావచ్చు. మన ఇంటి లెక్కను మనమే వేసుకోవాలి. పక్కింటివారి లెక్క మనకు పనికిరాదు.

ఉచితం కూడా అమానతే

జీరో టికెట్టు విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. "ఎలాగూ డబ్బులు లేవు కదా, టికెట్టు ఎందుకు?" అని కొందరు సోదరీమణులు కండక్టరు వచ్చినా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ఇది సరికాదు. జారీ అయిన జీరో టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి ఆ సొమ్మును తిరిగి చెల్లిస్తుంది. మనం టికెట్టు తీసుకోకపోతే మన ప్రయాణపు ఖర్చు సంస్థ మీద పడుతుంది. అది లెక్కలో లేని ప్రయాణంగా మిగిలిపోతుంది. ఇతరుల సొమ్ముతో మనకు లభించిన సౌకర్యం అమానతు వంటిది. ఆ చిన్న కాగితం తీసుకుని దిగేదాకా భద్రపరచడం దానికి మనం చెల్లించే హక్కు.

స్టేజీల లెక్క, రోజు టికెట్టు

నగర బస్సు ఛార్జీ స్టేజీల ప్రకారం పెరుగుతుంది. 2025 అక్టోబరులో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో మొదటి మూడు స్టేజీల వరకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుండి 10 రూపాయలు అదనంగా చేర్చారు. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. బస్సు మారిన ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటి స్టేజీ నుండి మొదలవుతుంది. ఒకే బస్సులో నేరుగా వెళ్ళడం కంటే అదే దూరాన్ని రెండు బస్సులలో వెళ్ళడం ఖరీదు. కనుక టికెట్టు కొనే వ్యక్తులు తిన్నగా వెళ్ళే బస్సు కోసం పది నిమిషాలు ఆగడమే మేలు.

పదే పదే బస్సులు మారవలసిన యాత్రలో దీనికి విరుగుడు టి-24 టికెట్టు. ఒకసారి కొంటే 24 గంటల పాటు నగరంలో ఎన్ని బస్సులైనా ఎక్కవచ్చు. 100 రూపాయలున్న ఈ టికెట్టు ధరను 2023లో 90కి తగ్గించారు. ఇటువంటి ధరలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గనుక బయలుదేరే రోజున కండక్టరును అడిగి తెలుసుకోవాలి. లాభనష్టాలు తేల్చే పద్ధతి మాత్రం మారదు. టికెట్టు ధరను మనం ఒక్కసారి ఎక్కితే అయ్యే సగటు ఛార్జీతో భాగించండి. ఉదాహరణకు ధర 100, సగటు ఛార్జీ 25 అనుకుంటే నాలుగుసార్లు ఎక్కితే సరికి సరి. ఐదోసారి నుండి లాభం. మూడుసార్లే ఎక్కే పని ఉంటే విడి టికెట్లే చౌక.

ఇక రెండవ కిటుకు: ఆ 24 గంటలు తెల్లవారుజాము నుండి అర్ధరాత్రి దాకా కాదు, టికెట్టు కొన్న క్షణం నుండి మొదలవుతాయి. ఉదయం ఏడింటికి కొంటే రాత్రి నిద్రలో సగం వృథా అవుతుంది, మరునాడు దానితో పని ఉండదు. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు కొంటే ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర వరకు చెల్లుతుంది. ఒకే టికెట్టుతో రెండు పూటల తిరుగుడు పూర్తి అవుతుంది. మేము ఈ విధంగానే చేశాము.

కుటుంబాల కోసం ప్రత్యేకమైన టికెట్టు కూడా ఒకప్పుడు ఉండేది. 2023లో ఎఫ్-24 పేరుతో నలుగురికి కలిపి 300 రూపాయలకు, టి-6 పేరుతో స్త్రీలకు, వయోవృద్ధులకు ఉదయం 10 నుండి సాయంత్రం 4 వరకు 50 రూపాయలకు టికెట్లు ప్రవేశపెట్టారు. మహాలక్ష్మి పథకం వచ్చాక జీరో టికెట్ల జారీకే కండక్టర్ల సమయం సరిపోవడం, ఈ టికెట్లకు గుర్తింపు కార్డుల పరిశీలన, వయసుల నమోదు అదనపు పని కావడం వలన 2024 జనవరి 1 నుండి వాటిని ఉపసంహరించారు. ఇప్పటికీ కొందరు పాత వార్తలను చూసి కండక్టరుతో "ఫ్యామిలీ టికెట్టు ఇవ్వండి" అని పట్టుబడుతుంటారు. లేని టికెట్టు కోసం కండక్టరును నిందించడం న్యాయం కాదు.

లోకంలో మరికొన్ని చోట్ల ఈ లెక్కల బాధే లేకుండా చేశారు. లండన్‌లో ప్రయాణికుడు ప్రతిసారీ కార్డు తాకిస్తూ పోతాడు. ఒక రోజు పరిమితి చేరాక ఇక సొమ్ము కోత పడదు. లక్సెంబర్గ్ అనే చిన్న దేశంలో 2020 నుండి బస్సులు, ట్రాములు, రైళ్ళ రెండవ తరగతి అందరికీ, పరదేశీయులకు కూడా ఉచితం. మన దగ్గర అంత దూరం రాలేదు గనుక కాగితం, కలం దగ్గర పెట్టుకోవడం ఉత్తమం.

రైలులో జామియా ఉస్మానియాకు

మా యాత్రలో మొదటి మజిలీకి మేము బస్సును కాక రైలును ఎంచుకున్నాము. ఫలక్‌నుమాలో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కితే ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్ దాటాక 'జామియా ఉస్మానియా' అనే చిన్న స్టేషను వస్తుంది. దాని తరువాతది 'ఆర్ట్స్ కాలేజీ'. రెండవ తరగతిలో కనిష్ఠ ఛార్జీ 5 రూపాయలు మాత్రమే. రైలులో స్త్రీలకు ఉచితం లేదు. అయినా ఏడుగురికీ కలిపి అయిన ఖర్చు ఒక ఆటో బేరం మొదలుపెట్టే ధరలో కూడా సగం లేదు. రోడ్డు రద్దీ బాధ లేకపోవడం అదనపు మేలు. అయితే ఈ రైళ్ళు నిమిష నిమిషానికీ ఉండవు. సమయపట్టిక ముందురోజే చూసుకోవాలి. టికెట్టు ఫోనులో కూడా తీసుకోవచ్చు. స్టేషను గేటు దాటక ముందే తీసుకోవాలన్నది నియమం. టికెట్టు లేకుండా పట్టుబడితే ఛార్జీకి తోడు కనీసం 250 రూపాయల జరిమానా. ఐదు రూపాయలు మిగిల్చబోయి రెండువందల యాభై పోగొట్టుకోవడం ఏ లెక్కలోనూ పొదుపు కాదు.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య బోధించిన సంస్థగా చరిత్రలో నిలిచింది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు నిలబడితే తల పైకెత్తక తప్పదు. మాకు మాత్రం ఆ ప్రాంగణంలో అంతకంటే ప్రియమైనది మరొకటి ఉన్నది. అది దాయిరతుల్ మఆరిఫ్. 1888లో ఆరంభమైన ఈ సంస్థ అరబ్బీ వ్రాతప్రతులను వెదికి, సరిచూసి, అచ్చువేసి ప్రపంచానికి అందించింది. ఇమామ్ బైహఖీ గారి అస్సుననుల్ కుబ్రా, ఇబ్నె హజర్ అస్ఖలానీ గారి తహ్‌జీబుత్తహ్‌జీబ్, అల్‌బీరూనీ ఖగోళ గ్రంథం అల్ ఖానూనుల్ మస్ఊదీ ఇక్కడ అచ్చయినవే. విద్యార్థి దశలో మేము తిరగేసిన గ్రంథాల మొదటి పుటలో 'హైదరాబాద్ దక్కన్' అన్న అక్షరాలు ఉండేవి. కైరోలో, దమస్కులో కూర్చున్న పండితుడు ఆ అక్షరాలను చూసి మన నగరాన్ని ఎరుగును. ఆ నగరంలోనే పుట్టిన మన పిల్లలు దాని పేరైనా ఎరుగరు. అతి తక్కువ ఛార్జీతో ఆ లోటు పూడ్చవచ్చునంటే అంతకంటే చవకైన విద్య ఏమున్నది?

వారం చూసుకుని బయలుదేరాలి

టికెట్టు ఎంత చౌకగా కొన్నా, చేరుకున్న చోట తలుపు మూసి ఉంటే ఆ సొమ్మంతా దండుగ. సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు. నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. మా వంటి మదరసా ఉపాధ్యాయులకు వారాంతపు సెలవు శుక్రవారమే గనుక ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం. అందుకే మేము వార్షిక సెలవుల్లో శని, ఆదివారాలను ఎంచుకున్నాము. బడికి వెళ్ళే పిల్లలకు కూడా అనుకూలం. పురావస్తు శాఖ ఆధీనంలోని చార్మినారు, గోల్కొండలలో పదిహేనేళ్ళలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. కనుక వయసు తెలిపే కార్డును వెంట ఉంచుకోవాలి.

ఉస్మానియా నుండి మధ్యాహ్నం పన్నెండున్నరకు బస్సెక్కి టికెట్టు కొనవలసిన మేము నలుగురం టి-24 తీసుకున్నాము. ఆ రోజు అఫ్జల్‌గంజ్, అక్కడ జుహర్ నమాజు, ఆ తరువాత సాలార్‌జంగ్ మ్యూజియం. గంట గంటకూ గడియారంలోంచి చిన్న గడ్డపు మనిషి బయటికి వచ్చి గంట కొట్టే దృశ్యం కోసం అమ్మగారు బెంచీ మీద పిల్లలతో పాటు ఎదురుచూశారు. మూసీ దాటి ఆమె ఇటు వచ్చి ఆరేళ్ళు అయింది, అదీ కంటి ఆపరేషను కోసం. "ఆసుపత్రికి కాకుండా ఈ వంతెన దాటడం ఎన్నాళ్ళకు!" అని ఆమె అన్న మాట మా శ్రీమతి ఇప్పటికీ తలచుకుంటుంది.

అసర్, మగ్రిబ్ నమాజులు మక్కా మసీదులో. 1617లో సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టిన ఆ కట్టడం 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. 1591 నాటి చార్మినారు దీపాల వెలుగులో కాసేపు కూర్చుని, టోలిచౌకిలోని బంధువుల ఇంటికి బస్సులో చేరుకున్నాము. మరునాడు ఉదయం అక్కడి నుండి గోల్కొండ దగ్గర. రాత్రి బసను మరునాటి ప్రదేశానికి సమీపంలో ఏర్పరచుకోవడం కూడా టికెట్టు పొదుపులో భాగమే. బంధుత్వ సంబంధాలు బలపడతాయి, రానుపోను ప్రయాణం ఒకటి తగ్గుతుంది. అయితే ఏడుగురు ఒక ఇంటి మీద పడేటప్పుడు ముందే కబురు చేయడం, చేతిలో పండ్లో మిఠాయో పట్టుకుపోవడం మరువరాదు.

పిల్లవాని వయసు, మన మాట

అఫ్జల్‌గంజ్ నుండి చార్మినారు వైపు వచ్చే బస్సులో కాక, అంతకుముందు ఇంటి నుండి ఫలక్‌నుమాకు వెళ్ళే బస్సులో ఒక చిన్న సంగతి జరిగింది. ఆర్టీసీలో ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు, ఐదు నుండి పన్నెండు వరకు అర టికెట్టు. మా అబ్బాయికి పన్నెండు నిండి మూడు నెలలే అయింది. కండక్టరు దగ్గరికి వస్తుండగా బావగారు మెల్లగా, "అబ్బాయి పొట్టిగా ఉన్నాడు, అర టికెట్టు చాలు లెండి" అన్నారు. ఆయన ఉద్దేశం మాకు ఖర్చు తగ్గించాలనే. అబ్బాయి మా ముఖం వైపు చూస్తున్నాడు.

మేము మాట్లాడక ముందే అమ్మగారు అందుకున్నారు. "వీడికి పన్నెండు నిండిన రోజు వాడంతా మిఠాయి పంచాము కదా బేటా! వాడంతటికీ చెప్పుకున్న వయసును కండక్టరు దగ్గర దాచుకోవడమెందుకు?"

బావగారు నవ్వి, తానే జేబులోంచి డబ్బు తీసి పూర్తి టికెట్టు కొన్నారు. అబ్బాయి ఆ టికెట్టును రెండు రోజులూ జేబులో పెట్టుకున్నాడు. పెద్దవాడినయ్యానని వాడికి అదొక నిదర్శనం.

సోదరులారా, మనం ఇంట్లో పిల్లలకు సత్యం గురించి గంటల తరబడి చెబుతాము. బస్సులో ఒక్క క్షణంలో ఆ పాఠమంతా చెరిపివేయగలము. పిల్లవాని ఎదుటే వాని వయసు తగ్గించి చెప్పినప్పుడు వాడు నేర్చుకునేది పొదుపు కాదు. కొన్ని రూపాయలకు తండ్రి మాట మారుతుందన్న సంగతి మాత్రమే వాడి మనసులో మిగిలిపోతుంది. మితవ్యయానికి హద్దు సత్యం దగ్గర ఉన్నది. దానిని దాటితే అది మోసమవుతుంది.

మెట్రో ఎప్పుడు మేలు?

మెట్రోను మేము తక్కువ చేసి చెప్పడం లేదు. ఎండ, రద్దీ, దూరం మూడూ కలసినప్పుడు దానికి సాటి లేదు. మూడు మార్గాలు ఎం.జి.బి.ఎస్., అమీర్‌పేట వంటి కూడళ్ళలో కలుస్తాయి. టికెట్టును వాట్సాప్‌లో కూడా కొనవచ్చు. పిల్లలు ఒకసారి మెట్రో ఎక్కాలని కోరితే రెండు పనులు చేయవచ్చు. మొత్తం దూరం కాక, బస్సు గంటసేపు నిలిచిపోయే నడిమి భాగానికి మాత్రమే మెట్రో తీసుకుని, మిగతాది బస్సులో పూర్తి చేయవచ్చు. లేదా రెండు మూడు స్టేషన్ల దూరానికి తక్కువ టికెట్టు కొని వారి ముచ్చట తీర్చవచ్చు. మా బృందం ఆదివారం ఉదయం ఈ ముచ్చటను వాయిదా వేసుకున్నది. టి-24 చేతిలో ఉండగా మరొక టికెట్టు కొనడం దుబారా అవుతుందని మా అమ్మాయే గుర్తుచేసింది. ఈ యాత్రలో లెక్కల పుస్తకం ఆమె చేతిలోనే ఉన్నది మరి.

పొదుపు వేరు, పిసినారితనం వేరు

చివరగా ఒక హెచ్చరిక. ఖర్చు తగ్గించడమే యాత్ర లక్ష్యం కారాదు. గోల్కొండలో బాలాహిసార్ దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపించే వింతను పిల్లలు చూస్తుండగా, అమ్మగారు కింద నీడలో కూర్చున్నారు. మెట్లెక్కడం ఆమె మోకాళ్ళకు సాధ్యం కాదు. తిరిగి వచ్చాక బస్సు ఆగే చోటికి నడవవలసిన దూరం ఎక్కువగా ఉన్నది. అప్పుడు మేము ఆమె కోసం, అక్కయ్య కోసం ఆటో మాట్లాడాము. రెండు రోజుల్లో మేము ఎక్కిన ఒకే ఒక ఆటో అది. మిగిల్చిన సొమ్ము అలాంటి చోట వాడుకోవడానికే. వృద్ధురాలైన తల్లిని ఎండలో నడిపించి పది రూపాయలు మిగిల్చేవాడు లోభి అనిపించుకుంటాడు గాని మితవ్యయపరుడు అనిపించుకోడు.

అలాగే నమాజు వేళలను, మూత్రశాల సౌకర్యాన్ని, మంచినీళ్ళను చూసుకోకుండా కేవలం చౌక బస్సు కోసం గంటల తరబడి స్త్రీలను, పిల్లలను రోడ్డు మీద నిలబెట్టడం కూడా తగదు. ప్రతి మజిలీలో ఒక మసీదు ఉండేలా దారిని ఎంచుకుంటే వుజూ, విశ్రాంతి, నమాజు ఒకేచోట తీరుతాయి. స్త్రీలకు నమాజు చేసుకునే ఏర్పాటు ఎక్కడ ఉన్నదో ముందే విచారించుకోవాలి.

టి-24 గడువు ముగిసేలోపు చివరి బస్సెక్కి, ఆదివారం జుహర్‌కు కాస్త తరువాత ఇల్లు చేరుకున్నాము. అమ్మాయి లెక్క చూపింది. రెండు రోజుల్లో ఏడుగురి బస్సు, రైలు ఖర్చు అంతా కలిపి, మేము మొదట విచారించిన కారు ఒక్కరోజు కిరాయిలో నాలుగో వంతుకు కూడా రాలేదు.

పాఠకులలో ప్రతి గృహస్థునికీ మా విన్నపం ఇది. మీ ఇంట్లో తల్లి, భార్య, కూతురు పేరిట ఆధార్ కార్డు బీరువాలో ఉన్నది. అది చూపిస్తే ఈ నగరమంతటా బస్సు వారిని ఉచితంగా తీసుకుపోతుంది. లోపించినది డబ్బు కాదు, వారి వెంట బయలుదేరే మన తీరిక. ఈ సెలవుల్లో ఒక కాగితం మీద ఇంటివారి పేర్లు, వయసులు, చూడదలచిన ప్రదేశాలు, వాటి సెలవు రోజులు వ్రాయండి. ఎవరికి జీరో టికెట్టు, ఎవరికి రోజు టికెట్టు, ఎక్కడ రైలు, ఎక్కడ నడక అన్నది పిల్లలతో కలసి తేల్చండి. ఆ లెక్కను మీ కూతురి చేతికి అప్పగించండి. మీ తల్లిగారిని అడగండి, ఆమె ఏమి చూడాలనుకుంటున్నారో. ఆ జాబితాలో మొదటి పేరు ఆమె కోరినదే కావాలి.

అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమకరం చేయుగాక! మన ఖర్చులో శుభాన్ని, మన మాటలో నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.